హైదరాబాద్ ఒక్క మార్కు ప్రశ్న కాదు

పుణె పక్కన ఖడక్‌వాస్లాలో నేషనల్ డిఫెన్స్ అకాడమీ ఉన్నది. పదహారున్నర, పంతొమ్మిదిన్నర ఏండ్ల మధ్య పిల్లలు పరీక్ష రాసి అక్కడ చేరుతరు. 2022 నుంచి ఆడపిల్లలు కూడ చేరుతున్నరు. మొదటి ఏడాది పరేడ్ గ్రౌండ్ మీద ఎంత చెమట కారుస్తరో, బట్టీ కూడ అంతే పడుతరు. హోదాలు, ఆయుధాలు, యుద్ధాల తేదీలు, పరమవీర చక్ర పొందినోళ్ల పేర్లు. స్క్వాడ్రన్ల మధ్య పరుగు పందెం ఉన్నట్టే క్విజ్ పోటీ కూడ ఉంటది. మంచిదే. రేపు జవాన్లను నడిపించేటోళ్లకు జ్ఞాపకం గట్టిగుండాలె. మేము కాదనం.

మా పేచీ ఒక్క ప్రశ్నతోటి. హైదరాబాద్ సంస్థానం మీద 1948లో జరిపిన సైనిక చర్య పేరేమిటి? రక్షణ రంగం మీద అచ్చయిన క్విజ్ పుస్తకాల్లో మామూలుగా కనబడే ప్రశ్న ఇది. ఆపరేషన్ పోలో. ఒక మార్కు. నడిపించిన జనరల్? జె.ఎన్. చౌదరి. ఎన్ని రోజులు? సెప్టెంబర్ 13 నుంచి 17 దాకా, ఐదు. చప్పట్లు.

ఐదు రోజుల్లో అయిపోయిందా? రజాకార్ల పీడ పోయింది, జనం ఊపిరి పీల్చుకున్నరు, నిజమే. కానీ నల్లగొండ, వరంగల్ పల్లెల్లో దొరల భూములు పంచుకున్న రైతుల మీదికి అదే సైన్యం తిరిగింది. గడీలు విడిచి పారిపోయిన దొరలు సైన్యం వెనుక మళ్లీ ఊర్లకొచ్చిండ్రు. అడవి అంచు గూడేలను ఖాళీ చేయించి క్యాంపుల్లో పెట్టిండ్రు. 1951 అక్టోబర్‌లో కమ్యూనిస్టు పార్టీ పోరాటం విరమించేదాక ఇది నడిచింది. అటు మరాఠ్వాడా, కన్నడ జిల్లాల్లో ముస్లింల మీద హత్యాకాండ జరిగింది. మొత్తం 27 వేల నుంచి 40 వేల ప్రాణాలు పోయి ఉంటయని సుందర్‌లాల్ కమిటీ అంచనా. ఆ నివేదిక 2013లో గానీ జనం కండ్ల పడలేదు.

ఇంకో ముచ్చట. 1949 అక్టోబర్ 6న నెహ్రూ ఖడక్‌వాస్లాలో అకాడమీకి పునాదిరాయి వేసిననాడు హైదరాబాద్ ఇంకా అదే చౌదరి మిలిటరీ పాలనలో ఉన్నది. ఈ రెండింటిని పక్కపక్కన పెట్టి అడిగే క్విజ్ మాస్టర్ ఉన్నడా?

సెప్టెంబర్ 17ను ఏమని పిలువాలన్నది మాకే తేలలేదు. విమోచనమని కొందరు, విలీనమని కొందరు, విద్రోహమని కొందరు. 2022లో ఒకే రోజు, ఒకే హైదరాబాద్‌లో కేంద్రం విమోచన దినం జరిపింది, రాష్ట్రం జాతీయ సమైక్యతా దినం జరిపింది. పెద్దలకే తేలని లెక్కకు పదిహేడేండ్ల పిల్లగాడు పది సెకన్లలో జవాబు చెప్పాలె!

ఆ హాలులో లేచి 'సార్, మా ఊర్లో చెప్పుకునేది వేరే' అనే పిల్లలుండాలె. ఉండనిచ్చిండ్రా? ఆ అకాడమీకి పిల్లలను తయారు చేసేందుకు పెట్టినయే సైనిక్ స్కూళ్లు. ఉమ్మడి రాష్ట్రంలో మొదటిది 1962లో విజయనగరం దగ్గర కోరుకొండకు పోయింది. రెండోది 2014లో చిత్తూరు జిల్లా కలికిరిలో తెరిచిండ్రు. నడుమ యాభై రెండేండ్లలో తెలంగాణ పది జిల్లాలకు ఒక్కటి రాలేదు. నీళ్లు, నిధుల లెక్క మనోళ్లందరికీ నోటికొస్తది. ఈ లెక్క అడిగినోళ్లు తక్కువ. ఇగ ఎంట్రెన్స్ ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీలోనే. తెలుగు మీడియం పిల్లలు గడప కాడనే ఆగిపోతరు.

ఆ ప్రశ్న తీసెయ్యమంటలేం. ఇంకో రెండు చేర్చమంటున్నం. సెప్టెంబర్ 17 దాటినంక తెలంగాణ పల్లెల్లో సైన్యం ఎన్నేండ్లున్నది? ఎవరి మీద తుపాకి ఎక్కుపెట్టింది? వీటికి బజర్ వద్దు, గంట టైమియ్యాలె.