గాలిపై సుంకము

రచ్చబండపై నలుగురిని చేర్చుకొని మాటలాడుటకు ఎవరి యనుమతియు నక్కరలేదు. ఆ మాటలనే అచ్చొత్తించి వారపత్రికగా పంచుటకు పేరు నమోదు చేయించుకొన్న చాలును. ఆ మాటలనే ఒక చిన్న యంత్రము ద్వారా పొరుగు వీథికి వినబడునట్లు గాలిలోనికి పంపినచో మాత్రము, పలికినవాడు నేరస్థుడగుచున్నాడు. 2023లో పార్లమెంటువారు చేసిన టెలికమ్యూనికేషన్ల శాసనము ప్రకారము, అనుమతి లేక ఇట్టి యేర్పాటు చేసినవారికి మూడు సంవత్సరములవరకు కారాగారవాసముగాని, రెండు కోట్ల రూపాయలవరకు జుల్మానాగాని, రెండునుగాని విధింపవచ్చును. రెండు కోట్ల జుల్మానా యేర్పరచిన యీ నేరమునకు వలయు సామాను రేడియోలు బాగుచేయు చిన్న దుకాణములో దొరకునన్న సంగతి పాఠకులలో పలువురెరుగరు.

అనుమతిలేని యిట్టి కేంద్రములను ఇంగ్లీషువారు ‘పైరేటు’ రేడియోలందురు. అనగా సముద్రపు దొంగలని యర్థము. 1964లో కొందరు సాహసికులు ఇంగ్లండు తీరమునకు ఆవల, ఆ దేశపు చట్టము చెల్లని నీటిలో నావను నిలిపి, ‘రేడియో కరొలైన్’ అను కేంద్రము నడిపిరి. యువజనులు కోరు సంగీతమును బి.బి.సి. వినిపింపకపోవుటయే దానికి కారణము. 1967 ఆగస్టులో ప్రభుత్వము ప్రత్యేక శాసనముతో అట్టి నావల నణచినది. మరుసటి నెల ముగియులోపలనే అదే తీరు సంగీతమునకై బి.బి.సి. తన కొత్త కేంద్రమును తెరచినది. దొంగలని పేరుపెట్టినవారి సరకునే దొరలు తమ యంగడిలో పెట్టుకొనిరి!

మన దేశమున రేడియో పుట్టినది సర్కారు భవనములలో కాదు. 1924లో చెన్నపురిలో కొందరు పౌరులు సంఘముగా నేర్పడి, చందాలతో చిన్న యంత్రము నొకదానిని నడిపిరి. ధనము చాలక 1927లో అది నిలిచిపోగా, ఆ యంత్రమును నగర కార్పొరేషనువారికి అప్పగించిరి; వారు 1930లో ప్రసారములు సాగించిరి. ఆ పిదపనే సర్కారువారి రేడియో 1938లో చెన్నపురిలో వెలసినది. మార్గము చూపినది పౌరులు. తాళము వేసినది ప్రభుత్వము.

ఆ తాళమును పగులగొట్టుట దేశసేవయైన దినములు కూడ కలవు. 1942 ఆగస్టులో నాయకులందరు నిర్బంధింపబడి, పత్రికల నోళ్లు మూతపడిన వేళ, బొంబాయిలో ఇరువదిరెండేండ్ల ఉషా మెహతా తన మిత్రులతో కూడి ‘కాంగ్రెసు రేడియో’ను నెలకొల్పినది. ఆగస్టు 27వ తేదీ మొదలు 42.34 మీటర్లపై ఆ గొంతు వినవచ్చెను. చిట్టగాంగుపై బాంబులు పడిన సంగతియు, జంషెడ్‌పూరు కార్మికుల సమ్మెయు, సర్కారు రేడియో దాచిన మరెన్నియో వార్తలు దేశమున కెరుకపడినవి. పోలీసుల కంటపడకుండ ఇల్లు మార్చి యిల్లు మార్చి నడిపిరి. నవంబరు 12వ తేదీన పట్టుబడిరి. మూడు నెలలైనను నిండని యా ప్రసారమునకు ఉషా మెహతాకు నాలుగేండ్ల శిక్ష పడినది. స్వతంత్రభారతము 1998లో ఆమెను పద్మవిభూషణ బిరుదముతో సత్కరించినది. ఆ సత్కారము న్యాయమే. అయినచో, ఆమె చేసిన పనిని నేడొక పల్లెపడుచు తన యూరి మేలునకై చేసినచో మనమామెను ఏమనవలయును?

ఈ ప్రశ్నకు జవాబు మన తెలుగుదేశముననే దొరకినది. కర్నూలు జిల్లా ఓర్వకల్లులో 2002లో పొదుపు సంఘముల స్త్రీలు ‘మన రేడియో’యను చిన్న కేంద్రము నడిపిరి. ఊరివారే పలుకుట, ఊరివారే వినుట. కొలది మాసములకే, 2003లో, అనుమతి లేదని కేంద్రప్రభుత్వపు టధికారులు దానిని మూయించిరి. బీహారు రాష్ట్రమున మన్సూర్‌పూరు గ్రామములో రేడియోలు బాగుచేయు రాఘవ మహతో యను యువకుడు ఏబది రూపాయల సామానుతో కూర్చిన యంత్రమును 2006లో మూయించిరి. తెల్లదొరల నాటి 1885వ సంవత్సరపు టెలిగ్రాఫు శాసనమును, 1933వ సంవత్సరపు వైర్‌లెస్ శాసనమును స్వరాజ్యమున సైతము పల్లెలపై పనిచేయుచుండెను. వాటి స్థానమున నిలుచుటకై వచ్చిన కొత్త శాసనములో భాష మారినది, భయము మారలేదు.

న్యాయస్థానము చూపిన దారి వేరు. 1995 ఫిబ్రవరి 9వ తేదీన సుప్రీముకోర్టువారు, గాలిలోని తరంగములు ప్రజల సొత్తనియు, వాటిని ప్రజల మేలుకొరకు ఒక ప్రజాసంస్థ నిర్వహింపవలయుననియు తీర్పుచెప్పిరి. మన తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డిగారు ఆ ధర్మాసనమున నొకరు. ఎవరికి తోచినట్లు వారు ప్రసారము చేయవచ్చునని ఆ తీర్పు చెప్పలేదు. దాని కట్టి యర్థము కల్పించుట న్యాయము కాదు. కాని ప్రజల సొత్తునకు ప్రభుత్వము ధర్మకర్తయే గాని యజమాని కాదన్న మాట యందు స్పష్టముగ నున్నది.

ధర్మకర్త యెట్లు నడచుకొనెను? మెదకు సీమలోని మాచనూరును చూడుడు. దక్కను డెవలప్‌మెంటు సొసైటీ సంఘములలోని దళిత స్త్రీలకొరకు యునెస్కోవారి సాయముతో 1998లోనే అక్కడ రేడియోశాల సిద్ధమైనది. పలుకువారున్నారు, వినువారున్నారు, యంత్రములున్నవి; అనుమతి లేదు. పదేండ్లపాటు వారు తమ పాటలను, పంటల ముచ్చట్లను క్యాసెట్టులలో నెక్కించి, సంఘపు సమావేశములలో వినిపించుకొనిరి. 2006 నవంబరులో ప్రభుత్వము స్వచ్ఛంద సంస్థలకు దారి విడిచినది. 2008 అక్టోబరు 15వ తేదీన ‘సంగం రేడియో’ గాలిలోనికెక్కినది. ఆ స్త్రీల యోపికకు మేము జోహారు చేయుచున్నాము. ఆ యోపిక యవసరమగుటకు సిగ్గుపడుచున్నాము.

2006 నాటి నిబంధనలలో సంస్థకు మూడేండ్ల వయస్సు వలయునని యొక షరతు. దరఖాస్తునకు 2,500 రూపాయలు, బ్యాంకు హామీ 25,000 రూపాయలు. సమాచార, హోం, రక్షణ శాఖలు, తరంగముల శాఖ, అన్నియు తలయూపవలయును. 2012లో తరంగముల వార్షిక రుసుమును 19,700 రూపాయలనుండి 91,000కు పెంచగా, దేశమందలి చిన్న కేంద్రములన్నియు గోలపెట్టిన మీదట ఆ పెంపును విరమించుకొనిరి. ఆరు లక్షలకు మించిన గ్రామములున్న దేశమున, విధానము వచ్చి పదునెనిమిదేండ్లయిన 2024 నాటికి ఇట్టి కేంద్రములు ఐదువందలు దాటుటయే గొప్ప. అందును పెక్కింటికి వెనుక కళాశాలలును, పెద్ద సంస్థలును కలవు.

ఇక వాడరేవు సంగతి చూతము. చీరాల పట్టణమునకు దాపున నున్న యీ తీరమున జీవనమంతయు గాలి యెట్లున్నది, కెరటమెట్లున్నదియను రెండు ప్రశ్నలపై నాధారపడినది. ఏటేట ఏప్రిలు 15 మొదలు జూను 14 వరకు 61 దినములు మరపడవల వేటకు నిషేధము. చేపలగుంపులు దొరకు తావులను, సముద్రపు పోకడను హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ తెలియజేయుచునే యున్నది. ఆ వార్తను మత్స్యకారుని నుడికారములో, అతడు పడవ దింపుటకు ముందుగా, అతని వాకిట వినిపించు గొంతు కావలసియున్నది. తమిళదేశమున పాంబనులో ‘కడల్ ఓసై’ యను కేంద్రము 2016నుండి మత్స్యకారులకు ఇట్టి పనియే చేయుచున్నది. అదే బంగాళాఖాతపు తీరమున వాడరేవు మాత్రమేల మూగవోయి యుండవలయును?

చేతిలో సెల్‌ఫోనుండగా రేడియో యేలయని కొందరడుగుదురు. తుపాను రాత్రి సంగతి వారు మరచుచున్నారు. 1977 నవంబరు 19వ తేదీ యుప్పెనలో దివిసీమయందును చుట్టుపట్లను పదివేలమందికి పైగా మరణించిరి. 2023 డిసెంబరు 5వ తేదీన మిచౌంగ్ తుపాను బాపట్ల దాపున తీరము దాటినది. పెనుగాలిలో కరెంటు పోవును. కరెంటు పోయిన కొలదిసేపటికి టవర్లు మూగపోవును. రెండు బ్యాటరీలు వేసిన చిన్న రేడియోపెట్టె మాత్రము పలుకుచుండును. ఊరిలో ఒక బ్యాటరీపై నడచు ప్రసారయంత్రమున్నచో, ఏ బడిలో తలదాచుకొనవలయునో, ఏ దారి మునిగినదో ఆ రాత్రియే చెప్పవచ్చును. విజయవాడ కేంద్రము 1948నుండి తెలుగువారికి మహోపకారము చేసినది; కాని వాడరేవులో ఏ వీథికి నీరు వచ్చినదో అది యెరుగదు.

ఈ యేర్పాటునకు ఖర్చెంతయని పాఠకులు జంకనక్కరలేదు. ఒక మైకు, ఒక పాత కంప్యూటరు, ధ్వనులను కలుపు పెట్టె యొకటి, ప్రసారయంత్రము, కేబులు, స్తంభము, దానిపై ఏరియలు, కరెంటు పోయిన ఆదుకొను బ్యాటరీ: ఇంతియే. ఎఫ్.ఎం. తరంగములు చూపువలె తిన్నగా పోవునవి. కావున యంత్రపు శక్తికంటె స్తంభపు టెత్తు ముఖ్యము. ముప్పది మీటర్ల యెత్తునుండి చూచిన దిగంతము ఇంచుమించు ఇరువది కిలోమీటర్లు. కొండ లడ్డములేని యీ తీరమున పది వాట్ల యంత్రము సైతము తన యూరికిని, పొరుగు పల్లెలకును చాలును. పొదుపు పాటింపవలసినది ఏరియలులోను, యంత్రపు శుద్ధిలోను మాత్రము కాదు. అక్కడ పొదుపుచేసినచో ఊరికి మేలు పోయి కీడు వచ్చును.

ఏలయన, ప్రభుత్వము చెప్పు నభ్యంతరములలో ఒకటి నిజమైనది. ఎఫ్.ఎం. తరంగములు 88 మొదలు 108 మెగాహెర్ట్జులవరకు నుండును. ఆ గట్టు దాటగనే విమానములకు దారిచూపు సంకేతములకును, వాటి కావల విమానముల సంభాషణలకును కేటాయించిన స్థానములు మొదలగును. నాసిరకపు యంత్రము తన హద్దులో నుండక ప్రక్కకు చిందును. వాడరేవునకు దూరముగాని సూర్యలంకలో వైమానికదళపు స్థావరము కలదు. ఆకాశముననున్న విమానచోదకుని చెవిలో మన యూరి భజన వినబడుట హాస్యమునకు తగిన సంగతి గాదు. అందుచేతనే కట్టుబాటు వలయునని మేమును ఒప్పుకొనుచున్నాము. కట్టుబాటు యంత్రమునకు వేయుడు, నోటికి వేయకుడు. అమెరికాలో స్ప్రింగ్‌ఫీల్డు నగరపు పేదల పేటలో ఎంబన్నా కంటాకో యను అంధుడు 1987లో ఒక్క వాటు యంత్రముతో అనుమతిలేని కేంద్రమును నడిపెను. అతనివంటి వారిపై కేసులు నడపిన ప్రభుత్వమే 2000లో నూరు వాట్లకు మించని చిన్న కేంద్రములకు ప్రత్యేక తరగతి నేర్పరచినది.

కావున మేము ప్రభుత్వమువారిని కోరునవి మూడు. పది వాట్లకు మించక, ప్రభుత్వపు పరీక్షలో నెగ్గిన యంత్రముతో నడుపు గ్రామకేంద్రమునకు, జిల్లాకు ముందుగా కేటాయించిన తరంగముపై, పత్రికకువలె నమోదు మాత్రమే చాలునని శాసింపవలయును. తీరగ్రామపంచాయతీలకును, మత్స్యకారుల సహకార సంఘములకును రుసుమును మాఫీచేయవలయును. స్థానిక వార్తలపై సంకెలను తీయవలయును. ఆకాశవాణి వార్తలను తిరిగి వినిపింపవచ్చునట. వాతావరణము, ఆటలపోటీలు, పరీక్షల సంగతులు చెప్పవచ్చునట. పంచాయతీ లెక్కలు చదివి, ఫలానా చెరువుకట్ట సొమ్మేమైనదని యడిగినచో అది వార్తయగునేమోనని భయపడవలయును! ఊరి సంగతిని ఊరికి చెప్పరాని రేడియో ఊరికేల?

వాడరేవు యువకులకును ఒక మాట. చీకటిలో యంత్రము పెట్టి, చాటుగా పలుకు మార్గమును మేము సమ్మతింపము. 1942లో రాజ్యము పరాయిది; చట్టమును మార్చు శక్తి మన చేతిలో లేదు. నేడు ఓటు మనది. చాటుగా నడిపిన కేంద్రమును ఒక్క యధికారి ఒక్క సంతకముతో మూయును. బహిరంగముగ నడిపిన యుద్యమమును మూయజాలడు. 1921లో చీరాల–పేరాల ప్రజలు మోయలేని మునిసిపాలిటీ పన్నులను నిరసించి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున, పట్టపగలు అందరును చూచుచుండగనే ఊరు విడిచి పదునొకండు మాసములు రామనగరపు గుడిసెలలో గడపిరి. ఆ రీతి మనకు తగినది. నేడే సంఘమును నమోదు చేయించుడు. మూడేండ్ల గడువు నేటినుండియే నడచును. మాచనూరు స్త్రీలవలె కార్యక్రమములను తయారుచేసి, పడవలరేవున ధ్వనివర్ధకము పెట్టి వినిపింపుడు. పొరుగుననున్న వేటపాలెపు సారస్వతనికేతనము 1918లో యువజనుల పూనికతోనే మొలకెత్తినది. ఆనాటి పఠనమందిరము చేసిన పనిని నేడు గ్రామరేడియో చేయగలదని చందాదారులకు నచ్చజెప్పుడు. అనుమతి వచ్చునాటికి గొంతులు సిద్ధముగా నుండవలయును.

వాడరేవునకు దక్షిణమున అదే తీరమున మోటుపల్లి కలదు. తుపానునకు విరిగి ఒడ్డున పడిన నావల సరకునంతయు పూర్వరాజులు లాగుకొనుచుండగా, కాకతీయ గణపతిదేవుడు 1244వ సంవత్సర ప్రాంతమున అక్కడ అభయశాసనమును చెక్కించి, న్యాయమైన సుంకము మాత్రమే కొందుననియు, సరకు సరకుదారునిదేయనియు చాటెను. ఆ శాసనము నేటికిని నిలిచియున్నది. ఎనిమిది శతాబ్దుల క్రిందట సముద్రముపై వచ్చువానికి రాజిచ్చిన యభయమును, నేడు గాలిపై పలుకువానికి ప్రజాప్రభుత్వ మీయవలయునని కోరుట అత్యాశ కానేరదు. సుంకము గైకొనుడు, గొంతును గైకొనకుడు.