లైను ఎంగేజ్!

1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ మన దేశంలో ఇంటర్నెట్టును జనానికి తెరిచింది. 1998లో ప్రైవేటు కంపెనీలకూ అనుమతి వచ్చాక సోమాజిగూడ అపార్టుమెంట్లలోనూ మోడెమ్ కూతలు పెరిగాయి. కీ... కర్ర్... మని గోల పెట్టిగానీ కనెక్టయ్యేది కాదు. వేగమా? మోడెమ్ డబ్బా మీద 56 కేబీపీఎస్ అని ఉండేది. ఆ లెక్కన 4 ఎంబీ పాటకు పది నిమిషాలు. లెక్క ప్రకారం దిగిన పాట ఎక్కడుంది లెండి!

అసలు చిక్కు వేగంతో కాదు. నెట్టుకూ ఫోనుకూ తీగ ఒక్కటే. పక్కనే అమీర్‌పేటలో కోర్సు నేర్చుకుని అమెరికా వెళ్లిన పెద్దాడు ఆదివారం పొద్దున ఫోన్ చేసేవాడు. సరిగ్గా అప్పుడే చిన్నాడు నెట్టులో ఉండేవాడు. అక్కడ ఎంగేజ్ టోను, ఇక్కడ అమ్మకు ఎదురుచూపు.

"కట్టెయ్యరా, అన్నయ్య చేసే టైమైంది!" అని వంటింట్లోంచి కేక. పక్కగదిలో నాన్న రిసీవరు ఎత్తారో, కనెక్షన్ గోవిందా!

తమాషా ఏమిటంటే, చాలాసార్లు చిన్నాడు రాస్తున్నది ఆ అన్నయ్యకు ఈమెయిలే.