కొండలో 80 కోట్ల ఏళ్ళ ఖాళీ

కొత్త స్కూల్లో చేరిన రోజు అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది: "మీది ఏ ఊరు?" మన పిల్లలు దీనికి జవాబు చెప్పలేక తడబడతారు. పుట్టింది ఒక చోట, ఒకటో తరగతి ఇంకో చోట, అమ్మమ్మగారి ఊరు మరో చోట. ఆధార్ కార్డు మీద ఉన్నదేమో ఎప్పుడో ఖాళీ చేసిన క్వార్టర్ అడ్రసు. పాఠాలు చెప్పే మేమూ అంతే. బదిలీ ఉత్తర్వు రాగానే ట్రంకుపెట్టె దించి, పోయినసారి అతికించిన లేబుల్ చింపి, కొత్తది అతికించే వాళ్ళమే.

ఈ పత్రిక తెలుగు విభాగానికి రచనలు పంపమంటే ఏటా "మా ఊరు" మీద కనీసం పది వ్యాసాలు వస్తాయి. వాటిలో ఎనిమిది ఒకేలా ఉంటాయి. పచ్చని పొలాలు, గలగల పారే ఏరు, రచ్చబండ. రాసినవాళ్ళు ఆ ఊళ్ళో వేసవి సెలవుల్లో పది రోజులు ఉండి ఉంటే ఎక్కువ. తప్పులు దిద్ది, "బాగుంది" అని రాసి తిరిగి ఇచ్చేస్తాం. అది బాగాలేదని మాకూ తెలుసు, రాసినవాళ్ళకూ తెలుసు. ఊరు అనగానే పుట్టిపెరిగిన ఊరే అనుకోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది. మనలాంటి వాళ్ళు ఊరిని ఇంకో వైపు నుంచి, కాళ్ళ కింది రాయి వైపు నుంచి తెలుసుకోవచ్చని మా అభిప్రాయం. ఎవరు స్థానికులో ఎవరు మూడేళ్ళ పోస్టింగు మీద వచ్చారో రాయి అడగదు.

మీలో చాలామంది చూసిన కొండనే తీసుకుందాం. తిరుపతి రైల్వే స్టేషన్లో దిగి ఉత్తరం వైపు తల ఎత్తితే తిరుమల కొండ రెండు ముక్కలుగా కనిపిస్తుంది. కింది భాగం వాలుగా, చెట్లతో, గుండ్రటి బండలతో ఉంటుంది. పై భాగం నిట్టనిలువు గోడ. ఎర్రగా, పొరలు పొరలుగా, ఎవరో రంపంతో కోసినట్టు ఉంటుంది. రైలు దిగగానే మొక్కే చేతులు అక్కడ వేలల్లో ఉంటాయి గాని, ఆ గోడ ఎక్కడ మొదలైందని అడిగేవాళ్ళు తక్కువ.

కింద ఉన్నది గ్రానైట్. భూమి లోపల చాలా లోతున, కరిగిన పదార్థం నెమ్మదిగా చల్లారి గట్టిపడితే వచ్చిన రాయి. పైన ఉన్నది ఒకప్పటి ఇసుక. లోతులేని నీటి అడుగున పరుచుకున్న ఇసుక పొరలు ఒకదాని మీద ఒకటి పేరుకుని ముందు ఇసుకరాయి అయ్యాయి. ఆ తరువాత పై బరువుకీ, రేణువుల సందుల్లోకి చేరి గడ్డకట్టిన సిలికాకీ బిగిసిపోయి క్వార్ట్జైట్ అయ్యాయి. మామూలు ఇసుకరాయిని సుత్తితో కొడితే పగులు రేణువుల చుట్టూ తిరిగి పోతుంది. క్వార్ట్జైట్‌ని కొడితే రేణువుల్ని చీల్చుకుంటూ పోతుంది. అంత గట్టిది కాబట్టే పై సగం గోడలా నిలబడింది. దీనికి భూగర్భ శాస్త్రంలో నగరి క్వార్ట్జైట్ అని పేరు. నగరి మన చిత్తూరు వైపు ఊరే. మద్రాసుకు వచ్చే ఓడలవాళ్ళు సముద్రం మీది నుంచే నగరి కొండ కొసను గుర్తుపట్టి, దాని ఆకారాన్ని బట్టి "నగరి ముక్కు" అని ఇంగ్లీషులో పిలుచుకునేవాళ్ళు. తూర్పు కనుమలు బంగాళాఖాతానికి అంత దగ్గరగా నడుస్తాయి.

అసలు సంగతి ఈ రెండు రాళ్ళూ కలిసే చోట ఉంది. గ్రానైట్ పైన వెంటనే ఇసుక పొర మొదలవుతుంది. కొన్ని చోట్ల ముందు గులకరాళ్ళ పొర, దాని మీద ఇసుక. చూడటానికి ఒక గీత, అంతే. కాని భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ లెక్క ప్రకారం ఆ గీతలో సుమారు 80 కోట్ల ఏళ్ళు దాగి ఉన్నాయి. అంత కాలానికి సంబంధించిన రాయి అక్కడ ఒక్క పొర కూడా లేదు. ఇలా పొంతన కుదరని చోటును శాస్త్రవేత్తలు అన్‌కన్ఫార్మిటీ అంటారు. తిరుమల ఘాట్ రోడ్డులో కనిపించే దాన్ని ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ అని పిలిచి, జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా గుర్తించారు. 80 కోట్లంటే ఎంతో చెప్పాలంటే, హిమాలయాలు పైకి లేవడం మొదలై సుమారు 5 కోట్ల ఏళ్ళు. దానికి పదహారు రెట్లు.

స్కాట్లండ్ సముద్రతీరంలో సిక్కర్ పాయింట్ అనే చోట ఇలాంటిదే ఒకటుంది. 1788లో జేమ్స్ హటన్ పడవలో వెళ్ళి దాన్ని చూశాడు. నిలువుగా నిలబడ్డ పాత పొరల మీద ఎర్ర ఇసుకరాయి పడుకుని ఉండటం చూసి, భూమి వయసు మనుషులు అనుకుంటున్న దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువని తన మిత్రులకు చూపించాడు. భూగర్భ శాస్త్రం పుస్తకాలన్నింటిలో ఆ బొమ్మ ఉంటుంది. అక్కడి ఖాళీ మన తిరుమల ఖాళీలో పదో వంతు కూడా రాదు. మన దాని పక్కనుంచి రోజూ వేలమంది బస్సుల్లో పోతుంటారు. ఆ మలుపులో కిటికీ వైపు కూర్చున్నవాళ్ళు ఫోను చూసుకుంటూ ఉంటారు. బస్సును అక్కడ ఆపమనడం కుదరదు, అది ఘాట్ రోడ్డు. కాని విహారయాత్రకు వెళ్ళేముందు స్కూల్లోనే అరగంట చెప్పి పంపితే పిల్లలు కదిలే బస్సులోంచి కూడా ఆ గీతను పట్టుకుంటారు. ఇది మేము చేసి చూసిన మాట.

మేము ఆ దగ్గరి జిల్లాలో పనిచేసిన రోజుల్లో ఒకసారి ఎనిమిదో తరగతి పిల్లల్ని మెట్ల దారిన తీసుకెళ్ళాం. వాళ్ళలో కొత్తగా చేరిన ఒక అమ్మాయి ఉంది. వాళ్ళ నాన్నగారి అంతకుముందు పోస్టింగు అస్సాంలో. మూడేళ్ళు తెలుగు చెప్పే స్కూలే దొరకలేదు. ఇంట్లో మాట్లాడుతుంది, రాయడం రాదు. ల, ళ ఒకటే ఆమెకు. చేరిన వారంలోనే మేము పరీక్ష పెట్టి, రిజిస్టర్లో ఆమె పేరు ఎదురుగా "పునాది లేదు" అని రాసి, నాలుగో తరగతి వాచకం చేతికిచ్చాం. అలా రాయడం మా అందరికీ అలవాటు. ఎక్కడినుంచి వచ్చినా ముందు ఏం రాదో చూసి లెక్క రాసుకుంటాం. ఆ అమ్మాయి ఆ తరువాత నెల రోజులు తరగతిలో నోరు విప్పలేదు.

మెట్ల పక్కన ఒక బండ పలక మీద సన్నని గట్లు వరసగా ఉన్నాయి, రేకు మీద ముడతల్లాగా. ఎవరైనా చెక్కారేమోనని ఒకడు అన్నాడు. వానకు అరిగిందని ఇంకొకడు. ఈ అమ్మాయి వంగి చేత్తో తడిమి, "ఇది నీళ్ళు చేస్తాయి సార్. బ్రహ్మపుత్ర తగ్గినప్పుడు ఇసుక మీద ఇట్లాగే ఉంటుంది. మేము కాళ్ళతో చెరిపేవాళ్ళం" అంది. ఆ ఇసుకను అక్కడివాళ్ళు చర్ అంటారని కూడా చెప్పింది.

ఆమె చెప్పిందే నిజం. కదిలే నీటి అడుగున ఇసుక అలల్లా గట్లు కడుతుంది. దానిమీద మళ్ళీ ఇసుక పడి, కప్పబడి, రాయైపోతే ఆ అలలు అలాగే మిగిలిపోతాయి. ఆ పలక వయసు 160 కోట్ల ఏళ్ళకు పైమాటే. అప్పటికి నేల మీద గడ్డి పరక లేదు, నీళ్ళలో చేప లేదు. కంటికి కనిపించని సూక్ష్మజీవులు తప్ప కదిలే ప్రాణి లేదు. ఆ నీటి అడుగున ఏర్పడిన అలల్ని మా బృందంలో గుర్తుపట్టగలిగింది ఆ మూడేళ్ళు వేరే చోట ఉండి వచ్చిన పిల్ల ఒక్కతే. మేము ఖాళీ అని రాసిన మూడేళ్ళవి.

అప్పటినుంచి మాకు కొండలోని ఆ గీత మీద కూడా అభిప్రాయం మారింది. 80 కోట్ల ఏళ్ళు ఖాళీ అంటున్నాం గాని, ఆ కాలంలో పని ఆగలేదు. గ్రానైట్ పుట్టింది భూమి లోతుల్లో అని చెప్పుకున్నాం కదా. అది ఎండ చూడాలంటే దాని మీద ఉన్న కిలోమీటర్ల మందం రాయి అంతా అరిగి కొట్టుకుపోవాలి. వాన, గాలి, ఎండ దాన్ని రవ్వ రవ్వగా తీశాయి. గ్రానైట్‌లో ఉండే మెత్తటి ఖనిజాలు మట్టిగా మారి నీళ్ళతో పోయాయి. పలుగురాయి రేణువులు మాత్రం అరగని మొండివి, అవే ఇసుకగా మిగిలాయి. అలాంటి ఇసుకే తరువాత నీటిలో పరుచుకుని పైనున్న గోడ అయింది. ఖాళీ అనుకున్న కాలంలో తయారైన సరుకుతోనే పై సగం కొండ కట్టి ఉంది. ఈ పోలికను ఇంతకంటే సాగదీయడం మాకు ఇష్టం లేదు. రాయికి ఒంటరితనం తెలియదు, పిల్లలకు తెలుస్తుంది. పరీక్షల ముందు బదిలీ వస్తే ఏడుపు వస్తుంది. ఆ కష్టాన్ని మేము తక్కువ చేయడం లేదు.

కాని తెలుగు ఉపాధ్యాయులుగా మేము మార్చుకోగలిగింది ఒకటుంది. కొత్తగా వచ్చిన పిల్లలకు మొదటి వారం పరీక్ష పెట్టడం మానేయాలి. దానికి బదులు, పాత చోట కాళ్ళ కింద ఏముండేదో రాయమనాలి, రాయలేకపోతే చెప్పమనాలి. జోధ్‌పూర్ నుంచి వచ్చినవాళ్ళు ఎర్ర ఇసుకరాయి ఇళ్ళ గురించి చెప్తారు. పుణె నుంచి వచ్చినవాళ్ళు నల్లరాయి కొండల గురించి చెప్తారు. మధ్యలో హిందీ మాట వస్తే రానివ్వాలి. చర్ అనే మాట ఆ రోజు మా తరగతి తెలుగులోకి వచ్చింది, దానివల్ల తెలుగుకు నష్టమేమీ జరగలేదు.

రాళ్ళ సంగతి తెలుగు మాస్టరుకెందుకు, సైన్సువాళ్ళు చూసుకుంటారు కదా అని తోటివాళ్ళు అంటుంటారు. మా జవాబు ఇది. పలుగురాయి, బలపంరాయి, నాపరాయి, సుద్ద, మొరం, గరప, రేగడి, చౌడు, దుబ్బ. వీటిలో ఎన్ని మాటలు మీ తరగతిలో పిల్లలకు తెలుసో అడిగి చూడండి. ఇవి రైతులు, వడ్డెరలు, బావులు తవ్వేవాళ్ళు చేతులతో తడిమి పెట్టిన పేర్లు. సైన్సు పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది. తెలుగు వాచకంలో రాయి వచ్చేది ఉపమానానికి మాత్రమే. రాతి గుండె, రాతి మనసు. రాయికి ఇంతకంటే పని లేదన్నట్టు.

రాయి గురించి తెలియకపోవడం వల్ల వచ్చే ప్రమాదం వేరే ఉంది. తిరుమల మొదటి ఘాట్ రోడ్డు 1944లో, రెండోది 1974లో వచ్చాయి. 2021 నవంబరు వానల తరువాత, డిసెంబరు మొదట్లో, పెద్ద బండలు జారి పడి రెండో రోడ్డు దెబ్బతింది. క్వార్ట్జైట్ గట్టిదే, కాని దానికి నిలువు పగుళ్ళు ఉంటాయి. వాన నీరు వాటిలోకి దిగుతుంది. గట్టి రాయి పడదు అనుకోవడం పొరపాటు. గట్టి రాయి పడితే గదంత ముక్కగా పడుతుంది.

పైన గుడికి కొద్ది దూరంలో శిలాతోరణం ఉంది. అదీ ఈ క్వార్ట్జైటే. మధ్యలో బలహీనంగా ఉన్న భాగం అరిగిపోయి, సుమారు 8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తున సహజంగా ఏర్పడిన తోరణం. దానికి ఇప్పుడు కంచె వేశారు, మంచి పని చేశారు. దేశమంతా తిరిగిన మా అనుభవంలో, పేరు చెక్కని బండ చూపుకు అందే దూరంలో చాలా తక్కువ. బదిలీ అయ్యేవాళ్ళకు పేరు వదిలి వెళ్ళాలనే కోరిక ఎక్కువేమో కూడా. క్వార్టర్ గోడ మీద రాసుకోండి, వచ్చే వాళ్ళు సున్నం వేసుకుంటారు. రాయికి సున్నం వేసేవాళ్ళు లేరు.

ఈ కొండలు కడప బేసిన్ అనే పెద్ద రాతి పళ్ళెంలో ఒక అంచు. నెలవంక ఆకారంలో, సుమారు 44,000 చదరపు కిలోమీటర్లు. విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త దీని పొరల్ని వరసగా వర్ణించి 1872లో పుస్తకం వేశాడు. గండికోట దగ్గర పెన్న కోసుకుంటూ పోయే రాళ్ళు ఇందులోవే. ఇదే బేసిన్ పై పొరల్లో దొరికే నల్ల సున్నపురాయి పలకలే దేశమంతా తిరిగే కడప బండలు. ముంబైలోనూ వాటిని "కడప్పా" అనే అడుగుతారు. మీరు ఇప్పుడు ఏ రాష్ట్రంలో ఉండి ఇది చదువుతున్నా, ఒకసారి వంటింట్లోకి వెళ్ళి గ్యాసుపొయ్యి కింది గట్టు ఏ రాయో చూడండి. మా గత ఆరు క్వార్టర్లలో నాలుగింట అదే ఉంది.

ఆ అమ్మాయి మా దగ్గర ఏడాదిన్నర ఉంది. తొమ్మిదో తరగతి మధ్యలో వాళ్ళ నాన్నగారికి మళ్ళీ ఆర్డరు వచ్చింది. ఈసారి మహారాష్ట్ర. వెళ్ళిన రెండు నెలలకు ఒక ఉత్తరం రాసింది, తెలుగులోనే. "ఇక్కడ కొండలు మెట్లు మెట్లుగా ఉన్నాయి సార్. పొరలు ఉన్నాయి కాని ఇసుక కాదంట, లావా అంట. అలలు కోసం వెతికాను, దొరకలేదు. ఇక్కడి పిల్లలకు కూడా ఈ రాల్ల సంగతి తెలీదు. మీ దగ్గర పుస్తకం ఉంటే పంపండి."

"రాల్ల" కింద గీత పెట్టబోయి ఆగి, పుస్తకం కోసం ట్రంకుపెట్టె తెరిచాం.