తెలుగు ఆడియో తీసేస్తే సరిపోతుందా?



2025 జూన్‌లో "రానా నాయుడు" రెండో భాగం వచ్చినప్పటి నుంచి మనవాళ్ళ మధ్య మళ్ళీ పాత గొడవే. పెద్దలు ఆపించెయ్యాలంటారు, కుర్రాళ్ళు చూడకపోతే మానెయ్యండి అంటారు. మాకు తోచింది నాలుగు ముక్కలు రాస్తున్నాం. మేము చదివింది ఒడియా మీడియం. తెలుగు అక్షరాలు పెద్దయ్యాక దిద్దుకున్నవే, తప్పులుంటే మన్నించండి.

మొదటి భాగం 2023 మార్చి 10న నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. అమెరికా వాళ్ళ "రే డోనవన్" కథకి ఇది మన దేశపు రూపం. డబ్బూ పలుకుబడీ ఉన్నవాళ్ళ తప్పులు కప్పిపెట్టడం రానా పని. జైలు నుంచి తిరిగొచ్చిన తండ్రి వెంకటేష్. నిజానికి వాళ్ళు బాబాయి, అబ్బాయి. ఇంటి పెద్ద రామానాయుడు గారు సినిమాలు తీయడమే కాదు, 1999లో బాపట్ల నుంచి లోక్‌సభకి గెలిచారు కూడా. అలాంటి ఇంటివాళ్ళు, పైగా "కలిసుందాం రా" వెంకటేష్ కదా అని మేమంతా కలిసి కూర్చున్నాం. పది నిమిషాలకి మా ఇంటావిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది. మనవడు ఫోన్‌లో తల దూర్చాడు. మేము రిమోట్ కోసం తడుముకున్నాం.

తర్వాత ఆలోచించాం. హిందీలో ఇలాంటి తిట్లు ఎన్ని వినలేదు? అప్పుడు ఎవరమూ లేవలేదే! మాకు బజారులో ఒడియా, ఆఫీసులో హిందీ, ఇంగ్లీషు. తెలుగు మాత్రం అమ్మ అన్నం పెడుతూ మాట్లాడిన భాష. 1936లో మన గంజాం ఒడిశాలో కలిసినా, బడిలో తెలుగు లేకపోయినా, ఇంట్లో నిలబెట్టుకున్నాం. ఆ భాషలోనే ఆ మాటలు వినేసరికి తట్టుకోలేకపోయాం.

ఆ తర్వాత తెలుగు ఆడియో తీసేశారని వార్త వచ్చింది. పీడ విరగడైందని సంతోషించాం. కానీ మనవడికి హిందీ మాకంటే బాగా వచ్చు కదా! తెలుగు తీసేస్తే మా చెవులకి హాయి, అంతే. వాడు చూడాలనుకుంటే హిందీలో చూస్తాడు. మనం బాధపడింది వాడి కోసమా, మన కోసమా?

బుకింగ్ కౌంటర్‌లో కూర్చున్న రోజుల్లో అర టికెట్టు అడిగితే పిల్లవాడికి పన్నెండేళ్ళు దాటాయో లేదో తొంగి చూసేవాళ్ళం. పెద్దల సినిమాకి పిల్లలు వస్తే హాలు గేటు దగ్గరే ఆపాలి. ఇంట్లో టీవీకి ఆ గేటు దగ్గర మనిషి లేడు. 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఈ ఓటీటీ వాళ్ళు కథ ఏ వయసువారికో చూపించాలి, పదమూడేళ్ళు పైబడిన వాళ్ళ కోసం తీసినవాటికి తల్లిదండ్రులు తాళం వేసుకునే వీలివ్వాలి. ఆ వీలుంది. కానీ మా ఇంట్లో టీవీ బిగించింది మనవడు, పాస్‌వర్డ్ పెట్టింది మనవడు. తాళం చెవి వాడి దగ్గరే ఉంది!

పెద్దల కథలు తీయొద్దని మేము అనం. అధికారం ఉన్న ఇళ్ళలో ఏం జరుగుతుందో చూపించాలంటే అంతా పూజగదిలా ఉండదు. చూసే వయసున్నవాళ్ళు చూస్తారు. మనం చెయ్యాల్సింది రెండు పనులు. ఒకటి, ప్రతి ఇంట్లో పెద్దలు తమ ప్రొఫైల్‌కి నాలుగంకెల పిన్ పెట్టుకోవాలి. చేతకాకపోతే సంఘంలో తెలిసిన కుర్రాళ్ళని అడగండి, సిగ్గుపడాల్సింది లేదు. రెండోది ఇంకా ముఖ్యం. మన పిల్లలకి బడిలో తెలుగు లేదు. ఇంట్లో మనం మాట్లాడకపోతే వాళ్ళకి తెలుగు నేర్పేది టీవీ ఒక్కటే. అది ఏ మాటలు నేర్పితే అవే తెలుగు అనుకుంటారు. రోజూ భోజనాల దగ్గర అరగంట టీవీ కట్టేసి, మన మాటల్లో వాళ్ళతో మాట్లాడండి.

మా ఇంట్లో పిన్ ఇప్పుడు మా ఇంటావిడ దగ్గరుంది. ఎంతడిగినా మాకూ చెప్పడం లేదు.