కథ అక్కది, పేరు తమ్ముడిది

మన ఇళ్ళల్లో శుభలేఖ అచ్చు వేయించేటప్పుడు తాతగారి పేరు, పెదనాన్నగారి పేరు, మేనమామల పేర్లు బారెడు పొడుగున వేయిస్తే వేయిస్తాం గాని, పెళ్ళికూతురి పేరు మర్చిపోయిన వాళ్ళని నేనెక్కడా చూడలేదు. ఎంత చిన్న కార్డైనా "చి.ల.సౌ." అని ఆ పిల్ల పేరు ఉండి తీరుతుంది. అమెరికా కార్టూన్ సినిమాల వాళ్ళకి ఆపాటి మర్యాద కూడా లేకపోయింది. 2010లో వాళ్ళు ఒక అమ్మాయి కథని సినిమాగా తీసి, అట్ట మీద ఆ అమ్మాయి పేరు తప్ప మిగతావన్నీ వేశారు.

ఆ సినిమా పేరు "సూపర్‌మాన్/బాట్‌మాన్: అపోకలిప్స్". థియేటర్లకి రాలేదు, తిన్నగా డీవీడీల మీదే వచ్చింది. గంటంబావు ఉంటుంది. పిల్లలున్న ఇళ్ళల్లో ఏదో ఒక రోజు టీవీలోనో, కంప్యూటర్లోనో ఇలాంటివి మోగుతూనే ఉంటాయి కనుక, "మనకెందుకులే" అని పక్కకి తప్పుకోడానికి వీల్లేదు. పైగా అందులో ఉన్నది మన ఆడపిల్లల విషయం.

ముందు సంగతి చెప్తాను. 2009లో "పబ్లిక్ ఎనిమీస్" అని దీనికి ముందు భాగం వచ్చింది. లూథర్ అనే దుర్మార్గుడు అమెరికా అధ్యక్షుడైపోతాడు. సూపర్‌మాన్‌ని పట్టిస్తే డబ్బిస్తానని చాటింపు వేయిస్తాడు. ఇంకోపక్క ఆకాశంలోంచి ఓ పెద్ద ఉల్క భూమి మీదికి వచ్చి పడబోతూంటుంది. సూపర్‌మాన్, బాట్‌మాన్ ఇద్దరూ భుజం భుజం కలిపి, ఒకరినొకరు వేళాకోళం చేసుకుంటూ, గండం గట్టెక్కిస్తారు. ఇద్దరు మగస్నేహితుల కథ. ఇద్దరి పేర్లూ పెట్టారు. న్యాయంగా ఉంది. నాకేం పేచీ లేదు.

రెండో భాగానికి వచ్చేసరికి కథే వేరు. పగిలిన ఆ ఉల్క ముక్కలతోపాటు ఒక వాహనం వచ్చి సముద్రంలో పడుతుంది. అందులోంచి ఓ పదహారేళ్ళ పిల్ల బయటికి వస్తుంది. పేరు కారా. పుట్టిన లోకం పేలిపోయింది, అమ్మానాన్నలు లేరు, ఇక్కడి భాష రాదు, ఒంట్లో ఉన్న బలం ఎంతో తనకే తెలీదు. సూపర్‌మాన్‌కి స్వయానా బాబాయి కూతురు. ఆ పిల్ల ఎక్కడ ఉండాలి, ఎవరి దగ్గర పెరగాలి, ఏమై తేలుతుంది అన్నదే సినిమా అంతా. ఆ పిల్లనే డార్క్‌సైడ్ అనే రాక్షసుడు ఎత్తుకుపోయేది. ఆ పిల్ల కోసమే మిగతావాళ్ళంతా కొట్టుకునేది. ఆఖరికి రాక్షసుణ్ణి సాగనంపేదీ ఆ పిల్లే! మరి పేరెవరిది? సూపర్‌మాన్‌ది, బాట్‌మాన్‌ది. ఇంకో తమాషా చూడండి. డార్క్‌సైడ్ ఏలే లోకం పేరు కూడా అపోకలిప్సే. ఇంగ్లీషులో స్పెల్లింగు వేరు గాని పలకడం ఒకటే. అంటే అట్ట మీద ఇద్దరు మగవాళ్ళకి చోటుంది, విలన్ గారి ఊరికి చోటుంది, కథానాయికకి మాత్రం లేదు. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే కదూ!

పోనీ, మూలంలో ఉన్న పేరేనేమో, పాపం వాళ్ళేం చేస్తారు అనుకుందామా? అదీ కాదు. ఈ సినిమాకి ఆధారం ఒక బొమ్మల నవల. జెఫ్ లోబ్ రాస్తే మైకేల్ టర్నర్ బొమ్మలు వేశాడు. 2004లో "సూపర్‌మాన్/బాట్‌మాన్" అనే కామిక్ పత్రికలో 8వ సంచిక నుంచి 13వ సంచిక దాకా వచ్చింది. ఆ కథ పేరు "ద సూపర్‌గర్ల్ ఫ్రమ్ క్రిప్టాన్". క్రిప్టాన్ నుంచి వచ్చిన సూపర్‌గర్ల్ అని శుభ్రంగా పేరు పెట్టి రాశారు. ఉన్న పేరుని పని గట్టుకుని చెరిపింది సినిమావాళ్ళే.

ఎందుకు చెరిపారో కూడా నిర్మాత బ్రూస్ టిమ్ దాచుకోలేదు. అంతకుముందు 2009లో "వండర్ ఉమన్" అని ఒక ఆడవీరురాలి మీద కార్టూన్ సినిమా తీశారట. దాని డీవీడీలు అనుకున్నంతగా అమ్ముడుపోలేదట. అంచేత మళ్ళీ ఆడపేరు పెట్టడానికి ధైర్యం చాల్లేదట. వ్యాపారం అండీ, వ్యాపారం!

సరే, వ్యాపారమే మాట్లాడుకుందాం. 1987లో వచ్చిన నాలుగో సూపర్‌మాన్ సినిమా చతికిలబడింది. 1997లో వచ్చిన "బాట్‌మాన్ అండ్ రాబిన్" చూసి జనం నవ్విపోయారు. అప్పుడెవరైనా "ఇహ లాభం లేదు, మగవాళ్ళ పేర్లు అమ్ముడుపోవు" అన్నారా? అనలేదు. "సినిమా బాగా తియ్యలేదు" అన్నారు. కొన్నాళ్ళాగి, మంచి దర్శకుణ్ణి వెతుక్కుని, 2005లో బాట్‌మాన్‌నీ, 2006లో సూపర్‌మాన్‌నీ మళ్ళీ తీశారు. మగవాడి సినిమా పోతే ఆ సినిమాది తప్పు. ఆడదాని సినిమా పోతే ఆడజాతిది తప్పు. ఈ లెక్క మనకి కొత్తేం కాదు. అబ్బాయి పరీక్ష తప్పితే పేపరు కష్టంగా ఇచ్చారంటారు. అమ్మాయి తప్పితే ఆడపిల్లకి చదువెందుకంటారు.

ఆడపేరు అమ్ముడుపోదన్న మాట మన తెలుగువాళ్ళ దగ్గర అంటే ఎవరూ నమ్మరు. వాళ్ళ "వండర్ ఉమన్" డీవీడీలు వచ్చిన ఆ 2009లోనే, మన దగ్గర "అరుంధతి" వచ్చింది. కథానాయిక పేరే సినిమా పేరు. జనం ఎగబడి చూశారు. అంతకు చాలా ముందు, వారపత్రికల సీరియల్సు ఓ వెలుగు వెలిగిన రోజుల్లో, యద్దనపూడి సులోచనారాణి గారి లాంటి రచయిత్రుల పేరు కనిపిస్తే చాలు పత్రికలు అయిపోయేవి. ఆ గిరాకీ చూసి మగ రచయితలు కొందరు ఆడపేర్లు పెట్టుకుని మరీ రాశారు. అక్కడ ఆడపిల్ల కథకి మగపేరు తగిలించారు, ఇక్కడ మగవాళ్ళ రాతకి ఆడపేరు తగిలించారు. సరుకు బాగుంటే పేరు అమ్ముడుపోతుందని దీన్నిబట్టి తెలియడం లేదూ?

పేరు సంగతి వదిలేసి సినిమా లోపలికి వెళదాం. పేరు తీసేసిన వాళ్ళు లోపల మాత్రం ఆ పిల్లకి పెద్ద పీట వేసి ఉంటే, పోనీలే అని ఊరుకునేదాన్ని. తీరా చూస్తే లోపలా అదే వరస.

కారా వచ్చిన దగ్గర్నుంచి ముగ్గురు పెద్దలు పంచాయితీ పెడతారు. బాట్‌మాన్‌కి అనుమానం: ఈ పిల్ల ప్రమాదం, నమ్మకూడదు. సూపర్‌మాన్‌కి ప్రేమ: నా రక్తం, నా దగ్గరే ఉంటుంది. వండర్ ఉమన్‌కి పట్టుదల: మా దీవికి తీసుకెళ్ళి యుద్ధవిద్యలు నేర్పిస్తాను. తీసుకెళ్ళడం కూడా మర్యాదగా కాదు, పార్కులో మనుషుల్ని పంపి మీద పడి! "అమ్మాయ్, నీకెక్కడ ఉండాలనుంది?" అని కూర్చోబెట్టి అడిగేవాళ్ళు లేరు. చుట్టాలంతా హాల్లో కూర్చుని పిల్ల చదువు మాన్పించాలా, సంబంధం చూడాలా అని తర్జనభర్జన పడుతూంటే, ఆ పిల్ల వంటింటి గుమ్మం దగ్గర నుంచుని వినడం మనం చూడని దృశ్యమా? ఇక్కడే అసలైన కథ ఉంది. గుండె పట్టుకునే కథ. దాన్ని పైపైన తడిమి వదిలేశారు.

దానికి బదులు ఏం చేశారంటే, పిల్లని బజారుకి తీసుకెళ్ళి బట్టలు కొనిపించారు. బట్టల కొట్టుకి వెళ్ళడం పాపమని నేననను. ఆ మాటకొస్తే మీరూ నేనూ ఎవరం మిగలం. కాని పుట్టిల్లు కాదు, పుట్టిన లోకమే బూడిదైపోయిన పిల్ల అది. కన్నతల్లి గుర్తొచ్చి ఓ పూట అన్నం మానేసిందనో, రాత్రి నిద్ర పట్టక లేచి కూర్చుందనో చూపించడానికి తీరికలేదు. గౌన్లు మార్చి మార్చి చూపించడానికి తీరిక దొరికింది. ఆడపిల్ల దుఃఖం తీరాలంటే నాలుగు జతల బట్టలు చాలన్నమాట!

దీవిలో కారాకి ఒక స్నేహితురాలు దొరుకుతుంది. లైలా అని, జరగబోయేవి ముందుగా కనిపించే అమ్మాయి. సినిమా మొత్తం మీద ఆ పిల్లతో సమానంగా కూర్చుని మాట్లాడే మనిషి ఆమె ఒక్కత్తే. దీవి మీద దాడి జరుగుతుంది, లైలా చచ్చిపోతుంది, కారాని ఎత్తుకుపోతారు. ఆ చావుకి కాసేపు ఆగి ఏడవడానికి కూడా కథ నిలవదు. ఇహ అక్కణ్ణుంచి తన్నులే తన్నులు. ఆ పిల్ల మనసు విరిచి డార్క్‌సైడ్ తన వైపు ఎలా తిప్పుకున్నాడు? ఏ మాట అంటే ఆమె లొంగింది? దిక్కులేని పిల్లని చెడ్డవాడు చేరదీసి మాటలతో వల వెయ్యడం ప్రతి తల్లీ భయపడే విషయం. తీస్తే ఆ ఒక్క ఘట్టమే పది సినిమాల పెట్టు. వీళ్ళు దాన్ని గబగబా దాటేసి, పిల్లని సూపర్‌మాన్ మీదికి కొట్టడానికి పంపించారు. ముష్టియుద్ధం ఉన్నచోట మనసెందుకనుకున్నారు కాబోలు.

మంచి బొత్తిగా లేదని అనను. డార్క్‌సైడ్‌కి గొంతిచ్చిన ఆండ్రే బ్రావర్, బాట్‌మాన్‌కి గొంతిచ్చిన కెవిన్ కాన్రాయ్ ఇద్దరూ ఇప్పుడు లేరు. వాళ్ళ గొంతుల్లో ఉన్న బరువు బొమ్మల్లో కూడా ఉంటే ఎంత బాగుండేది! రాక్షసిలాంటి ఓ ముసలమ్మ పాత్రకి ఎడ్ ఆస్నర్ అనే మగ నటుడు గొంతిచ్చి భయపెడతాడు, నవ్విస్తాడు కూడా. దర్శకత్వం లారెన్ మాంట్‌గొమరీ అనే ఆవిడది. వెనక చెప్పిన "వండర్ ఉమన్" తీసిందీ ఆవిడే. అందుకేనేమో ఆఖరి ఘట్టంలో కారా ఒంటరిగా డార్క్‌సైడ్‌కి ఎదురు నిలుస్తుంది. లోకాల మధ్య దారి తెరిచే యంత్రంలో గమ్యం మార్చేసి, వాణ్ణి చలికి గడ్డకట్టే శూన్యంలోకి పంపేస్తుంది. బలంతో కాదు, బుద్ధితో. బొమ్మల నవలలో ఈ ముగింపు సూపర్‌మాన్ చేతి మీదుగా జరుగుతుంది. సినిమాలో ఆ ఘనత అమ్మాయికిచ్చారు. అంటే ఆ పిల్లకి ఆ శక్తి ఉందని తీసినవాళ్ళకి తెలుసు. తెలిసీ పేరు దాచారు. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

ఆ కారాకి ఇది మొదటి అన్యాయం కాదు. ఆమె పుట్టింది 1959లో, సూపర్‌మాన్ కథల పత్రికలో. 1985లో ఆమెని చంపేశారు. క్రిప్టాన్‌లో మిగిలినవాడు సూపర్‌మాన్ ఒక్కడే అయితే గొప్పగా ఉంటుందని! ఆ తరవాత అదే పేరుతో వేరే పాత్రలు వచ్చాయి గాని, అతని బాబాయి కూతురుగా మళ్ళీ బతికొచ్చింది 2004లో, ఈ నవలతోనే. అందులో ఇంకో సంగతుంది. పుట్టిన తేదీల లెక్కన కారాయే పెద్దది. ఉల్కలో ఇరుక్కుని ఏళ్ళ తరబడి నిద్రలో ఉండిపోవడంతో వయసు అలాగే నిలిచిపోయింది. ఇంగ్లీషువాళ్ళకి కజిన్ అన్న ఒక్క మాటతో సరిపోతుంది గాని, మన వావివరసల ప్రకారం ఆమె సూపర్‌మాన్‌కి అక్క! తమ్ముడు చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నది అక్కని. తమ్ముడి పేరు మీద చెలామణీ అవుతున్నది అక్క కథ.

"బొమ్మల సినిమాకి ఇంత గొడవా?" అంటారేమో. ఆ బొమ్మలు చూసేది మన పిల్లలండీ. ఎనిమిదేళ్ళ పాప అట్ట చూసి ఇది అన్నయ్య సినిమా అనుకుని పక్కన పెట్టేస్తుంది. చూసిన అన్నయ్య, కథంతా అమ్మాయి నడిపినా పేరు మగవాడికే వస్తుందని నేర్చుకుంటాడు. ఇంటెడు చాకిరీ చేసి, తలుపు మీద పేరు పలక మాత్రం ఆయనగారిది తగిలించుకున్న మనకి ఆ పాఠం ఎక్కడికి దారి తీస్తుందో వేరే చెప్పాలా?

తరవాత జరిగింది కూడా చూడండి. 2015లో "సూపర్‌గర్ల్" అనే పేరుతోనే టీవీ సీరియల్ మొదలై 2021 దాకా ఆరు సీజన్లు నడిచింది. 2017లో ప్యాటీ జెంకిన్స్ అనే ఆవిడ మనుషులతో తీసిన "వండర్ ఉమన్" ప్రపంచమంతటా 80 కోట్ల డాలర్లకి పైగా వసూలు చేసింది. ఆడపేరు అట్ట మీదికెక్కినందుకు ఆకాశం విరిగి పడలేదు, ఎవరి దుకాణమూ మూతపడలేదు.

అంచేత వ్యాపారం తెలిసిన పెద్దమనుషులకి నేను చెప్పేది ఒక్కటే. సరుకు అమ్ముడుపోకపోతే సరుకు బాగుచెయ్యండి. పిల్ల పేరు చెరపకండి.