కొలతాడు

లెక్కల గొడవ అని పుట తిప్పెయ్యకండి. ఇందులో మా మేనత్త కూడా ఉంది.

మొన్న రాత్రి భోజనాలయ్యాక, పదో తరగతి చదువుతున్న మా మనుమరాలు లెక్కల పుస్తకం పట్టుకొచ్చి నా పక్కన కూలబడింది. రూపం ఒకటే అయి, పరిమాణంలో తేడా ఉన్న బొమ్మలు సరూపాలట. మూడు భుజాలదైనా సరే, అయిదు భుజాలదైనా సరే, కోణాలన్నీ అవే ఉండి ప్రతి భుజమూ సగమైతే చుట్టుకొలతా సగమే అవుతుంది.

"మరి వైశాల్యం, తాతయ్యా?"

"అదీ సగమే" అన్నాను, తడుముకోకుండా.

పిల్లది నవ్వింది. వంటింట్లోంచి మా ఆవిడ అందుకుంది: "సగమెలా అవుతుందండీ? అదే ముగ్గు సగం కొలతకి వేస్తే గీతకి పిండి సగం పడుతుంది. లోపల నింపే రంగు పావు వంతు చాలు. ఇన్ని సంక్రాంతులొచ్చాయి, ఎప్పుడూ చూడలేదూ?"

పుస్తకంలోనూ అదే ఉంది. భుజాల నిష్పత్తి ఎంతో చుట్టుకొలతల నిష్పత్తి అంతే. వైశాల్యాల నిష్పత్తి మాత్రం దాని వర్గం.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

1974లో మా తాతగారు, రోడ్డూ కాలువా కలిసే చోటనున్న ముక్కోణపు స్థలాన్ని మా నాన్నకూ మేనత్తకూ చెరిసగమని చెప్పి, కొలిచే పని నాకప్పగించారు. అప్పుడు నేను బి.ఏ. చదువుతున్నాను, ఇంట్లో అంతకు మించిన పండితుడు లేడు. రోడ్డు వైపు 80 గజాలు, పొలం వైపు 60, కాలువ గట్టు వెంట 100. వెరసి చుట్టూ 240. రోడ్డు మీద నడిమికీ గట్టు మీద నడిమికీ తాడు లాగి రాళ్ళు పాతించాను. మొన వైపు ముక్క మేనత్తది. చుట్టూ కొలిస్తే 120 గజాలు. సరిగ్గా సగం! తాతగారు నా వీపు తట్టారు.

ఇప్పుడు కాగితం మీద వేస్తే, మొత్తం 2400 చదరపు గజాల్లో అత్తకి వచ్చింది 600. మాకు 1800. మా ముక్కకి కంచె 180 గజాలు పట్టింది గనుక, చెల్లెలి కన్న ఒకటిన్నర రెట్లు ఖర్చు భరించాడని నాన్నని ఊరంతా మెచ్చుకున్నారు కూడాను.

ఈ పొరపాటు పాతదే. క్రీస్తు పూర్వం 2వ శతాబ్దపు గ్రీకు చరిత్రకారుడు పాలిబియస్, ప్రాకారం పొడవు చూసి పట్టణం పెద్దదో చిన్నదో చెప్పేసేవాళ్ళ మీద విసుక్కున్నాడు. 5వ శతాబ్దంలో ప్రోక్లస్ మరో సంగతి రాశాడు: హద్దు పొడవున్న ముక్క పక్కవాడికిచ్చి, హద్దు తక్కువైనా నేల ఎక్కువున్నది తాము పుచ్చుకొని, పైగా ధర్మాత్ములనిపించుకున్నవాళ్ళున్నారట. మేము వాళ్ళను మించాం. నేలా మాదే, హద్దూ మాదే, పేరూ మాదే.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి మేనత్త దగ్గరికి వెళ్ళాను. ఆవిడకు తొంభై దాటాయి గాని చెవులు చురుకే. కాగితం తీసి వివరించబోతే చేత్తో ఆపింది.

"ఒరే అబ్బాయ్, నా ముక్కలో పది కొబ్బరి మొక్కలు పట్టాయి. మీ నాన్న దాంట్లో ముప్ఫై పట్టాయి. నాకు లెక్కలు రావు గాని లెక్కపెట్టడం వచ్చురా."

"మరి అప్పుడే అనలేదేం, అత్తయ్యా?"

"బి.ఏ. వాడివి నువ్వు కొలిచావు గదా!"

సరిసగం కావాలంటే రోడ్డు మీద రాయి మొన నుంచి 40 గజాల దగ్గర గాక, రమారమి 56న్నర గజాల దగ్గర ఉండాలి. గట్టు మీది రాయి 50 నుంచి 71 దాకా జరగాలి. మా తమ్ముడికి కాగితం చూపించాను. లెక్క ఒప్పుకున్నాడు. రాళ్ళు జరిపే మాటకు మాత్రం రెండు రోజులు ఆగమన్నాడు. ఆ మధ్య పడే నేలలో పది కాపు చెట్లున్నాయి మరి.