అనుమతికి గడువుంది, బకాయికి గడువేది?

2011లో సకల జనుల సమ్మె 42 రోజులు నడిచింది. ఉద్యోగి కలం కింద పెట్టాడు. విద్యార్థి రోడ్డెక్కాడు. ఉద్యమకాలంలో బంద్ పిలుపు వచ్చిన ప్రతిసారీ చిన్న దుకాణదారు, చిన్న షెడ్డు యజమాని కూడా షట్టర్ దించారు. రోజు గల్లా మీద బతికేవాళ్లకు బంద్ అంటే ఆ రోజు కూడు పోయినట్టే. అయినా స్వరాష్ట్రంలో తమ బతుకులు బాగుపడతాయని నమ్మారు. రాష్ట్రం వచ్చి పదేళ్లు దాటింది. వాళ్లకు ఒరిగిందేమిటో ఇప్పుడు లెక్క చూసుకోవాలి.

జరిగిన మేలును కాదనలేం. 2012లో పవర్ హాలిడేలతో జీడిమెట్ల, బాలానగర్ షెడ్లలో మిషన్లు ఆగిన రోజులను ఎవరూ మరువలేదు. ఆ గోస తీరింది. 2014లో టీఎస్ ఐపాస్ చట్టం తెచ్చి, భారీ పరిశ్రమలకు 15 రోజుల్లో, మిగతావాటికి 30 రోజుల్లో అనుమతులు ఇవ్వాలన్నారు. జాప్యం చేసిన అధికారికి రోజుకు 1000 రూపాయల జరిమానా అన్నారు. దళిత, గిరిజన బిడ్డలను పారిశ్రామికులను చేస్తామంటూ అదే ఏడాది టీ-ప్రైడ్ ప్రకటించారు. కాగితం మీద వంక పెట్టడానికేమీ లేదు.

చిక్కంతా పైసల దగ్గరే. యూనిట్ పెట్టినవాడు ముందు అప్పు తెచ్చి మిషన్లు కొంటాడు. రాయితీ తర్వాత వస్తుంది. మంజూరు కాగితం చేతిలో ఉన్నా నిధుల విడుదల సర్కారు దయ. బ్యాంకు మాత్రం ఆగదు. 90 రోజులు కిస్తీ తప్పితే ఖాతా మొండిబకాయి కింద చేరుతుంది. 10 లక్షల రాయితీ ఏడాది ఆగితే, 12 శాతం వడ్డీ చొప్పున 1,20,000 రూపాయలు ఆ చిన్న యజమాని నెత్తిన పడ్డట్టే. బడా కంపెనీ ఈ దెబ్బ తట్టుకుంటుంది. ఇల్లు తాకట్టు పెట్టినవాడు తట్టుకోలేడు.

సిరిసిల్ల సంగతే చూడండి. 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డర్లతో అక్కడి సాంచాలకు పని దొరికింది. 2024 మొదట్లో కొత్త ఆర్డర్లు లేక, పాత బకాయిలు రాక అవే సాంచాలు బంద్ అయినయి. ఆసాములు, కార్మికులు రోడ్డున పడ్డారు. సర్కారే ఏకైక ఖాతాదారైన చోట, సర్కారు చెల్లింపు ఆగితే ఊరే ఆగుతుంది.

చట్టం లేక కాదు. చిన్న పరిశ్రమల నుంచి సరుకు కొన్నవాళ్లు 45 రోజులు మించకుండా డబ్బు చెల్లించాలని 2006 నాటి కేంద్ర చట్టం చెబుతున్నది. ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ కట్టాలి. కానీ రేపు ఆర్డర్ ఇవ్వాల్సిన ఆఫీసు మీద ఇవాళ ఫిర్యాదు చేసే ధైర్యం ఎవరికుంటుంది? వడ్డీ కోరితే ఆర్డర్ పోతుందన్న భయంతో అసలు కోసమే చేతులు కట్టుకుని నిలబడుతున్నారు.

2024 సెప్టెంబర్‌లో సర్కారు చిన్న పరిశ్రమలకు కొత్త విధానం ప్రకటించింది. సంతోషమే. అయితే ప్రభుత్వం మారినా, పాలసీ పేరు మారినా పాత బాకీ మాఫీ కాదు. మంజూరైన రాయితీల జాబితాను తేదీల వారీగా బహిరంగపరచాలి. పైరవీలకు తావులేకుండా వరుస ప్రకారం, చిన్న మొత్తాలవాళ్లకు ముందుగా చెల్లించాలి. సర్కారు కొన్న సరుకుకు 45 రోజులు దాటితే, అడగకుండానే వడ్డీ కలిపి ఇవ్వాలి. అనుమతి ఆలస్యానికి జరిమానా ఉన్నప్పుడు చెల్లింపు ఆలస్యానికి ఎందుకు ఉండకూడదు?

ఇది యజమానుల గొడవ మాత్రమే అనుకుంటే పొరపాటు. నియామకాల కోసం కొట్లాడిన విద్యార్థులందరికీ సర్కారు కొలువులు రావు. వాళ్లలో ఎందరికో పని దొరికేది ఈ షెడ్లలోనే. ఆ ఫైళ్లు కదలాల్సింది ఉద్యోగ సోదరుల టేబుళ్ల మీదనే. నాడు మన బంద్‌కు షట్టర్ దించినవాళ్లు, నేడు అప్పులపాలై శాశ్వతంగా షట్టర్ దించుతుంటే చూస్తూ ఊరుకుందామా? వాళ్ల బకాయి కోసం అడగడం మనందరి బాధ్యత.